మూడున్నర లక్షల ఆదాయం: మా అమ్మాయికి స్కాలర్‌షిప్పు వస్తుందా?

ప్రశ్న: మాది గుంటూరు అరండల్‌పేట. మావారు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమాస్తా. జీతం నెలకు 24,000 రూపాయలు, బ్యాంకులో పడుతుంది. నేను జాకెట్లు కుట్టి నెలకు ఐదు వేలు సంపాదిస్తాను. పెద్దమ్మాయికి ఇంటర్ ఎంపీసీలో 962 మార్కులు వచ్చాయి. ఈఏపీసెట్ కౌన్సెలింగులో విజయవాడ దగ్గర కన్వీనర్ కోటాలో ఇంజనీరింగ్ సీటు దొరికింది. ఫీజు ఏటా 68,000, బస్సుకూ పుస్తకాలకూ మరో 30,000. మా ఆదాయానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదన్నారు. తెలిసినాయన ఒకరు ఆరు వేలు ఇస్తే ఆదాయం తగ్గించిన ధ్రువపత్రం తెప్పించి, స్కాలర్‌షిప్పుల సంగతి తానే చూస్తానంటున్నారు. పెళ్లికని దాచిన లక్షన్నర డిపాజిట్, నా నాలుగు గాజులు తప్ప మాకు వేరే ఆస్తి లేదు. చిన్నమ్మాయి తొమ్మిదో తరగతి. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందుగా ఆ ఆరు వేలు ఇవ్వకండి. స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు ప్రభుత్వం ఒక్క రూపాయి కూడా తీసుకోదు. అంతకంటే పెద్ద ప్రమాదం ఆ ధ్రువపత్రం. మీవారి జీతం నెలనెలా బ్యాంకులో పడుతున్నప్పుడు కాగితం మీద వేరే అంకె రాయిస్తే, పరిశీలనలో బయటపడిన రోజున తీసుకున్న డబ్బు వెనక్కి కట్టాలి. ఆ మచ్చ మాత్రం అమ్మాయి పేరు మీద పడుతుంది. 962 మార్కులు తెచ్చుకున్న పిల్లకు ఆ గతి పట్టించకండి.

అసలు మీకు ఆ అబద్ధంతో పనే లేదు. మీ ఇద్దరి సంపాదన ఏడాదికి 3,48,000. రెండున్నర లక్షల ఆదాయ పరిమితి అనే గీత ఫీజు రీయింబర్స్‌మెంటుకు మాత్రమే. ఆ గీత దాటితే అన్ని దారులూ మూసుకుపోయినట్టేనని మన జిల్లాల్లో చాలా ఇళ్లలో అనుకుంటారు. ఆ అపోహ వల్లే ఎందరో అమ్మాయిలు అసలు దరఖాస్తే చేయరు. నాకు బాధ కలిగించే విషయం ఇదే.

మీ అమ్మాయికి సరిగ్గా సరిపోయేది, సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్పు. ఇది ఆడపిల్లలకు మాత్రమే. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల వరకు ఉండవచ్చు. ఏఐసీటీఈ అనుమతి ఉన్న కాలేజీలో డిగ్రీ లేదా డిప్లొమా మొదటి సంవత్సరంలో చేరినవారికి, లేటరల్ ఎంట్రీలో నేరుగా రెండో సంవత్సరంలో చేరినవారికి ఏటా 50,000 ఇస్తారు. ఇంజనీరింగుకు నాలుగేళ్లు, అంటే రెండు లక్షలు. దేశం మొత్తానికి డిగ్రీ స్థాయిలో ఐదు వేల మందికి, డిప్లొమాలో ఐదు వేల మందికి ఇస్తారు. ఎంపిక మార్కుల మీదే కాబట్టి పోటీ గట్టిగా ఉంటుంది. అయినా మీ అమ్మాయి ఆశపెట్టుకోవచ్చు.

రెండోది కేంద్ర విద్యాశాఖ ఇచ్చేది. ఇంటర్ బోర్డులో ఎనభయ్యో పర్సంటైల్ దాటి, అంటే మార్కుల్లో పై ఇరవై శాతం మందిలో ఉండి, ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉన్నవారికి. ఏటా కొత్తగా ఇచ్చే 82,000 స్కాలర్‌షిప్పుల్లో సగం ఆడపిల్లలకే కేటాయించారు. మొదటి మూడేళ్లు ఏటా 12,000, ఇంజనీరింగ్ వంటి కోర్సుల్లో నాలుగో ఏడు 20,000. మొత్తం 56,000. ఈ రెండింటినీ కలిపి తీసుకునే వీలు లేదు. రెండోదానిలో అవకాశాలు ఎక్కువ, మొదటిదానిలో డబ్బు దాదాపు మూడున్నర రెట్లు. నేనైతే ఈ మార్కులతో ప్రగతినే ఎంచుకుంటాను.

రెండింటికీ దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే. ముందు ఓటీఆర్ అనే ఒకసారి నమోదు పూర్తి చేయాలి. గడువు సాధారణంగా అక్టోబరు, నవంబరు వరకు ఉంటుంది. చివరి వారం దాకా ఆగకండి, ఆఖరి రోజుల్లో పోర్టల్ మొరాయిస్తుంది. మీరు దరఖాస్తు పంపితే పని అయిపోయినట్టు కాదు, కాలేజీ దాన్ని ధ్రువీకరించాలి. అక్కడి స్కాలర్‌షిప్ సెక్షన్‌లో నోడల్ అధికారి ఎవరో కనుక్కుని, ధ్రువీకరణ అయిందో లేదో పోర్టల్‌లో కనిపించేవరకు అమ్మాయిని వారం వారం అడగమనండి. మొహమాటపడితే ఏడాది పోతుంది.

ఇక పేరు సంగతి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉండటం మన దగ్గర మామూలే. ఆ ఒక్క తేడాతో దరఖాస్తులు ఆగిపోవడం చూశాను. ఈ వారంలోనే రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. బ్యాంకు ఖాతా అమ్మాయి పేరు మీదే ఉండాలి. దానికి ఆధార్ అనుసంధానం అయితే చాలదు, ప్రభుత్వ నగదు బదిలీకి ఆ ఖాతానే ముడిపడి ఉందా అని బ్యాంకులో ప్రత్యేకంగా అడగండి. నిజమైన ఆదాయంతో ధ్రువపత్రానికి సచివాలయంలో దరఖాస్తు చేయండి.

ఇవి కాక ప్రైవేటు సంస్థలవి కొన్ని ఉన్నాయి. రిలయన్స్ ఫౌండేషన్ ఏటా ఐదు వేల మంది మొదటి సంవత్సరం డిగ్రీ విద్యార్థులకు కోర్సు మొత్తానికి రెండు లక్షల వరకు ఇస్తోంది. అందులో ఒక పరీక్ష రాయాలి. కోటక్ కన్యా స్కాలర్‌షిప్పు ఆడపిల్లలకే, వృత్తి విద్యా కోర్సులకు. గుర్తింపు ఉన్న మంచి కాలేజీ అయి ఉండాలన్న షరతు ఉంది కాబట్టి మీ కాలేజీ న్యాక్ గ్రేడు చూసుకోండి. ఈ దరఖాస్తుల్లో వేరే స్కాలర్‌షిప్పు వస్తుంటే దాచకుండా రాయాలి.

ఇప్పుడు డబ్బు లెక్క. ఫీజు ముందు కట్టాలి, స్కాలర్‌షిప్పు తర్వాత వస్తుంది, చాలాసార్లు నెలల తర్వాత. అందుకే మొదటి ఏడాది ఖర్చు పెళ్లి డిపాజిట్ నుంచి తీయండి. ప్రగతి డబ్బు రాగానే అదే డిపాజిట్‌లో తిరిగి వేయండి. ఏడాదికి 98,000లో 50,000 పోగా మిగిలేది 48,000, నెలకు నాలుగు వేలు. మీ కుట్టు సంపాదన దానికి సరిపోతుంది. ఆ డిపాజిట్‌ను ముట్టుకోవడం పెళ్లికి అన్యాయం చేసినట్టని మీకు అనిపించవచ్చు. చేతికి వచ్చిన చదువును మించిన కట్నం ఆ పిల్లకు మీరు ఇవ్వలేరు, నిశ్చింతగా తీయండి. గాజులు మాత్రం బీరువాలోనే ఉంచండి.

ప్రగతి రాకపోతే రెండో ఏడాది నుంచి విద్యాఋణం తీసుకోండి. నాలుగు లక్షల వరకు బ్యాంకులు తాకట్టు అడగవు. ఆడపిల్లలకు చాలా ప్రభుత్వ రంగ బ్యాంకులు వడ్డీలో అర శాతం తగ్గిస్తాయి. కాలేజీ, విద్యాఋణాలకు కేంద్రం నడిపే పీఎం విద్యాలక్ష్మి పథకం జాబితాలో ఉంటే వడ్డీ రాయితీ కూడా అడగండి. ప్రభుత్వ స్కాలర్‌షిప్పు పొందేవారికి ఆ రాయితీ వర్తించదు, కాబట్టి ముందు స్కాలర్‌షిప్పు ఫలితం చూసుకోండి. ఒకసారి వచ్చిన స్కాలర్‌షిప్పును కూడా ఏటా రెన్యువల్ చేయించాలి. ప్రగతిలో పై సంవత్సరానికి ప్రమోట్ కాకపోతే ఆపేస్తారు.

ప్రగతి ఒక కుటుంబంలో ఇద్దరు ఆడపిల్లల వరకు ఇస్తారు, అంటే మీ చిన్నమ్మాయికీ దారి ఉంది. ఆమె పదో తరగతిలోకి వచ్చాక బడిలో నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసేవారి వివరాల జాబితాలు, తయారవుతాయి. మెమో మీద పడే పేరు అదే. ఆలోపే ఆధార్‌లో, బడి రికార్డులో ఇంటిపేరుతో సహా ఒకేలా ఉండేట్టు సరిచేయించండి.