మిరపకోతలు మొదలయ్యేలోపు పిల్లల గిన్నెలు చూడు

గుంటూరు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ అంగన్‌వాడీలో పిల్లల తూకాలు రాస్తున్నాను, వాళ్లకిచ్చే బాలామృతం పిండి పంచుతున్నాను, అయినా ఆరేడుగురు పిల్లల బరువు గీత పట్టికలో పైకి కదలడం లేదని రాశావు. జనవరి వస్తే మీ ఊళ్లో మిరపకోతలు. తల్లులు చీకటితోనే ఆటోలెక్కితే మళ్లీ ఇల్లు చేరేది దీపాలు పెట్టే వేళకే. ఈలోపు చేయాల్సినవి రాస్తున్నాను.

ముందు నీ కొలతలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకో. సాల్టర్ తూకానికి ఖాళీ లాగు తగిలించాకే ముల్లు సున్నాకు తేవాలి. అదీ ప్రతి బిడ్డకూ. ఏడాది దాటిన బిడ్డ నెలంతా పెరిగేదే సుమారు 200 గ్రాములు. స్వెట్టరూ కడియాలూ తీయకుండా తూస్తే, ఆ పెరుగుదల వచ్చిందో రాలేదో నీకెలా తెలుస్తుంది? రెండేళ్లలోపు వాళ్లను పడుకోబెట్టి పొడవు కొలువు, దాటిన వాళ్లను నిలబెట్టి కొలువు. చేతి చుట్టుకొలత చూసే రంగుల టేపు ఎడమ చేతికి, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో, చెయ్యి వదులుగా వేలాడుతున్నప్పుడు పెట్టాలి. బిగిస్తే బాగున్న బిడ్డ కూడా ఎరుపులోకి పోతుంది. ఆరు నెలలు నిండినప్పటి నుంచి ఐదేళ్లలోపు, 11.5 సెంటీమీటర్లకు తగ్గితే సామ్, అంటే తీవ్రంగా చిక్కిపోయినట్టు; 12.5కు తగ్గితే మామ్, అంటే ఓ మోస్తరుగా చిక్కినట్టు. ఆపైన రెండు పాదాల మీద బొటనవేళ్లతో మూడు సెకన్లు నొక్కి చూడు. గుంట పడి అలాగే ఉంటే అది నీరు. ఆ నీటి బరువు వల్ల తూకం బాగానే కనిపిస్తుంది, బిడ్డ మాత్రం ప్రమాదంలో ఉంటుంది. పోయిన నెల అంకెకు వంద కలిపి రాసే పని మాత్రం ఎప్పుడూ చెయ్యకు. ఆ వంద గ్రాముల కింద ఒక బిడ్డ జబ్బు దాగిపోతుంది.

ఇక అసలు సంగతి. పెరగని బిడ్డ ఇంటికి తిండి పెట్టే వేళకు వెళ్లు. ఏం పెడుతున్నారని అడిగితే ‘అన్నీ పెడుతున్నాం’ అంటారు. గిన్నె చూస్తేనే తెలుస్తుంది. చాలా ఇళ్లలో కనపడేది చారు పోసి పిసికిన గుప్పెడు అన్నం, టీలో ముంచిన బిస్కెట్టు, అయిదు రూపాయల పాకెట్టు. ఏడు కిలోల బిడ్డ పొట్టలో ఒక పూటకు 200 మిల్లీలీటర్లకు మించి పట్టదు. ఆ చోటంతా చారు నీళ్లు నిండితే బిడ్డకు ఆకలి తీరుతుంది గానీ ఒంటికి అందేది 50, 60 కేలరీలే. అంతే గిన్నెలో 30 గ్రాముల బియ్యం, 15 గ్రాముల పెసరపప్పు, గుప్పెడు తోటకూరో మునగాకో వేసి మెత్తగా ఉడికించి, దించాక చెంచాడు నూనె కలిపితే 200 కేలరీలు అందుతాయి. అందులో సగం గుడ్డు నలిపితే ఇంకా మంచిది. గరిటె వంచితే జారిపోకుండా నిలవాలి, అదే చిక్కదనానికి గుర్తు. నూనె దగ్గర అత్తగార్లు ‘దగ్గొస్తుంది’ అంటారు. వాళ్ల ముందే కలిపి, వాళ్ల చేతే తినిపించు. నువ్వు వెళ్లాక ఆ గిన్నె కలిపేది వాళ్లే.

చిక్కగా చేస్తే చిన్నపిల్లలు మింగలేరు కదా అంటావు. నిజమే, దానికి మొలకల పిండి ఉంది. రాగులు రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంపి, తడిగుడ్డలో ఒకటి రెండు రోజులు మూట కట్టాలి. మొలక వచ్చాక ఎండబెట్టి, చేత్తో నలిపి మొలకలు చెరిగేసి, పొడి బాణలిలో చాలా సన్నని సెగ మీద కాస్త వేడి చేసి విసరాలి. మామూలు రాగుల్లా కమ్మటి వాసన వచ్చేదాకా వేయించారంటే పిండి పాడైనట్టే. మొలకలో పుట్టిన, గంజిని పలచన చేసే గుణం ఆ వేడికి చచ్చిపోతుంది. చిక్కటి జావ దించి, వేలు పెట్టలేనంత వేడిగా ఉన్నప్పుడే ఒక చెంచా ఈ పిండి వేసి కలుపు. నాలుగైదు నిమిషాల్లో చుక్క నీళ్లు పోయకుండానే జావ జారుడవుతుంది. మళ్లీ ఒక్క పొంగు రానిచ్చి, చల్లారాక పెట్టాలి. మసిలే జావలో మొదటే వేస్తే పలచబడదు. అమ్మలు ‘మాకు కుదరలేదు’ అనేది ఎక్కువగా ఇక్కడే.

ఎన్నిసార్లు పెట్టాలో కూడా చెప్పు. ఆరు నెలలు నిండగానే రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, ఎనిమిదో నెలకు అర కప్పు చొప్పున రోజుకు రెండు మూడు పూటలు. తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగు పూటలు. ఏడాది దాటాక పూటకు ముప్పావు నుంచి నిండు కప్పు. కప్పంటే 250 మిల్లీలీటర్లది. ఇంకా తల్లిపాలు ఉండాలి, మధ్యలో అరటిపండు లాంటిదేదో ఉండాలి. అన్నప్రాసన చేసి వదిలేసి ఏడాది దాకా పాలతోనే సరిపెట్టే ఇళ్లు ఉంటాయి, వాటిని వెతికి పట్టుకో.

బాలామృతం పాకెట్టు రెండున్నర కిలోలు, రోజుకు వంద గ్రాముల లెక్కన 25 రోజులకు. ఇంట్లో నలుగురు పిల్లలుంటే వారంలో అయిపోతుంది, అందులో ఎవరి తప్పూ లేదు. పెద్ద పిల్లలకు వేరే ఏం పెట్టొచ్చో తల్లితో కూర్చుని మాట్లాడు, ‘ఇది చిన్నదానికే’ అని చెప్పి ఊరుకోకు. ఏడాదిలోపు వాళ్లకు ఉండలు చేసి ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడతాయి. కాచిన వేడినీళ్లతో కలపాలి.

విరేచనాలు పట్టుకుంటే నెల రోజుల కష్టం మూడు రోజుల్లో పోతుంది. ఓఆర్‌ఎస్‌తో పాటు జింకు 14 రోజులు వాడాలి. ఆరు నెలలు దాటితే 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలలలోపు 10. మూడోరోజు విరేచనాలు కట్టగానే జింకు ఆపేస్తారు, అందుకని మాత్రల పట్ట చూడు. పత్యం పేరుతో తిండి మాన్పించొద్దని చెప్పు. తగ్గాక రెండు వారాల పాటు రోజుకు ఒక పూట ఎక్కువ పెట్టించు.

బిడ్డ చిక్కిపోతే పక్షిదోషం అంటారు. తాయెత్తు కట్టించుకుంటామంటే వాదించకు, కట్టించుకోనీ. ఆ రోజే చేతి టేపు కూడా పెట్టించుకోమను.

సామ్ బిడ్డకు పాదాల నీరో, జ్వరమో, ఎగశ్వాసో ఉన్నా, ఎదుట పెట్టిన తిండి తినకపోయినా ఇంట్లో ప్రయోగాలు వద్దు. ఊరి నర్సు ఏఎన్‌ఎంకు చెప్పి, ఆమెతో కలిసి అదే రోజు ఎన్‌ఆర్‌సీకి, అంటే చిక్కిన పిల్లల్ని చేర్చుకుని కోలుకునేలా చేసే ఆసుపత్రి కేంద్రానికి, పంపు. పంపే ముందు తల్లికి ఒక మాట చెప్పి తీరాలి. అక్కడ మొదటి రోజుల్లో పాలు కొద్దికొద్దిగా, రాత్రీ పగలూ రెండు మూడు గంటలకోసారి ఇస్తారు. చిక్కిన ఒళ్లు ఒక్కసారిగా ఎక్కువ తిండిని తట్టుకోలేదు గనక అలా చేస్తారు. ఇది తెలియని తల్లి ‘నా బిడ్డను పస్తు పెడుతున్నారు’ అని మూడోరోజే తిరిగొచ్చేస్తుంది. ఇంకో పని, ఇంట్లో ఉన్న మిగతా పిల్లల్ని ఎవరు చూస్తారో ముందే కుదిర్చి పంపు. తల్లులు మధ్యలో వచ్చేయడానికి ఆ బెంగ కూడా కారణం.

కోతలకు ముందు కూలీలను తీసుకెళ్లే మేస్త్రీతోనూ మాట్లాడు. చంటిపిల్లల తల్లులకు మధ్యాహ్నం అరగంట అదనంగా విడుపు ఇస్తే, చేనుగట్టున చీర ఉయ్యాలలో ఉన్న బిడ్డకు తల్లి చేత్తో ఒక పూట అందుతుంది. మిరపకాయ పట్టుకున్న చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కోమని చెప్పు, ఘాటు నోటికి తగిలిన బిడ్డ ఆ పూట మరి ముద్ద ముట్టదు. పక్క జిల్లాల నుంచి కోతలకొచ్చి చేల పక్కన టార్పాలిన్ పట్టాలు కట్టుకుని ఉండేవాళ్ల పిల్లలు నీ రిజిస్టరులో ఉండరు. మొదటి వారమే టేపు పట్టుకుని అక్కడికి వెళ్లు, వాళ్ల పేర్లు కూడా రాసుకో.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ