మన టీమ్ దగ్గర బాల్ ఉన్నప్పుడు అరవకండి

మెల్‌బోర్న్‌లో ఏళ్ల తరబడి ఫుటీ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) చూసి, అమెరికాలోని కొలంబస్ వచ్చాక ఒహాయో స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఉత్సాహంగా అరిస్తే చుట్టూ ఉన్నవాళ్లు "ష్" అన్నారని రాశారు కదండీ. బాధపడకండి, ఆట తీరే వేరు.

ఫుటీ పెద్దగా ఆగకుండా సాగుతుంది కాబట్టి ఎంసీజీలో (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో) ఎప్పుడు "బాల్!" అని అరిచినా ఎవరికీ ఇబ్బంది లేదు. ఇక్కడ ఆట ఆగి ఆగి, ఒక్కో ప్లేగా (ఒక్కో ప్రయత్నంగా) సాగుతుంది; ప్రతి ప్లేకి ముందు దాడిని నడిపించే ఆటగాడు, అంటే క్వార్టర్‌బ్యాక్, నోటితో సంకేతాలు చెబుతాడు. లక్షమంది హోరులో అవి పక్కవాడికి కూడా వినపడవు. మనవాళ్లలో ఎవరైనా తొందరపడి ముందే కదిలితే ఫాల్స్ స్టార్ట్ అనే తప్పు, 5 గజాలు వెనక్కి. అందుకే మన బాల్ అయితే ప్లే మొదలయ్యేదాకా నిశ్శబ్దం. అవతలివాళ్ల బాల్ అయితే గొంతు పోయేలా అరవండి, ముఖ్యంగా థర్డ్ డౌన్‌కి (పది గజాలు ముందుకెళ్లడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో మూడోదానికి).

ఈసారి అరగంట ముందే సీట్లో కూర్చోండి. బ్యాండ్ వాళ్లు నడుస్తూ మైదానం మీద గొలుసుకట్టు రాతలో 'ఒహాయో' అని రాస్తారు. చివర్లో సూసాఫోన్ (ఒంటికి చుట్టుకునే పెద్ద ఇత్తడి బూర) వాయించే ఒకరు ఠీవిగా అడుగులేస్తూ వెళ్లి, ఇంగ్లీషు 'ఐ' మీద చుక్కగా నిలబడి, టోపీ తీసి వంగుతారు. నాకు ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది. ఎవరైనా "ఓ-హెచ్" అంటే మీరు "ఐ-ఓ" అనండి, ఇట్టే కలిసిపోతారు.

ఎర్ర చొక్కా వేసుకోండి. నీలం, పసుపు కలిపి మాత్రం వద్దు, అవి మన బద్ధ ప్రత్యర్థి మిషిగన్ యూనివర్సిటీ రంగులు. మీ మెల్‌బోర్న్ ఫుటీ జట్టు కాలింగ్‌వుడ్ మఫ్లర్ నవంబర్ చలికి నిక్షేపంగా పనికొస్తుంది.