మీటింగ్‌లో నోరు పెగలడం లేదు... ఉద్యోగం మారిపోనా?

ప్రశ్న: ఇంజినీరింగ్ పూర్తిచేసి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాను. మా టీమ్‌లో నేనూ ఇంకో అమ్మాయీ తప్ప అందరూ సీనియర్ మగవాళ్లే. ఈమధ్య ఒక రిలీజ్‌లో లోపం ముందే కనిపించినా మీటింగ్‌లో చెప్పలేకపోయాను. తర్వాత అదే పెద్ద గొడవైంది. చేరేటప్పుడు మాత్రం 'మా దగ్గర అందరికీ సమాన గౌరవం' అన్నారు. లోపం నాలోనే ఉందంటారా? చేతిలో ఇంకో ఆఫర్ ఉంది.

జవాబు: నోరు విప్పకపోతే కాన్ఫిడెన్స్ లేదని తేల్చేయడం మనకు అలవాటైపోయింది. మీరు ఆ మాట నమ్మకండి. చెబితే టీమ్‌కు మేలు ఎప్పుడో జరుగుతుంది. చెప్పింది తప్పని తేలితే మీ పరువు అప్పటికప్పుడే పోతుంది. పైగా అప్రైజల్ రాసే మనిషి ఎదురుగానే కూర్చుని ఉంటాడు. ఆ పరిస్థితిలో ఎవరైనా మాట మింగేస్తారు.

తలపండినవాళ్లకూ ఇది తప్పలేదు. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవి విమానాశ్రయంలో పొగమంచు. ముందున్న విమానం రన్‌వే ఖాళీ చేయకముందే నెదర్లాండ్స్ విమాన సంస్థ కేఎల్ఎం కెప్టెన్ టేకాఫ్‌కు పరుగు మొదలుపెట్టాడు. వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజినీర్‌కు అనుమానమొచ్చి, అది ఇంకా దాటలేదా అని అడిగాడు కూడా. దాటేసిందని కెప్టెన్ గట్టిగా అనేసరికి ఇక రెట్టించలేదు. ఆ కెప్టెన్ తోటి పైలట్లకు శిక్షణ ఇచ్చే స్థాయి మనిషి మరి. రెండు జంబో జెట్లు ఢీకొని 583 మంది చనిపోయారు. ఇలాంటి ప్రమాదాల తర్వాత విమానయాన సంస్థలు కిందివాళ్లకు గట్టిగా చెప్పడం నేర్పాయి, కెప్టెన్లకు వినడం నేర్పాయి. మన ఆఫీసుల్లో ట్రైనింగులన్నీ మొదటిదాని మీదే నడుస్తాయి, రెండోదాని ఊసే ఉండదు.

ఇలా భయపడకుండా మాట్లాడగలిగే వాతావరణాన్నే సైకలాజికల్ సేఫ్టీ అంటున్నారు. దీనిమీద పేరున్న పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ మొదట్లో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను పరిశీలించారు. మంచి టీముల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదవడం చూసి ఆశ్చర్యపోయారు. తీరా చూస్తే అక్కడివాళ్లు దాచకుండా చెప్పుకుంటున్నారు, అంతే! ఇందులో మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది: ఈ తేడా ఒకే ఆసుపత్రిలో వార్డు వార్డుకీ కనిపించింది. కాబట్టి కంపెనీ పేరు చూసి నిర్ణయించుకోకండి, మీరు కూర్చోబోయే టీమ్‌ను చూడండి.

రకరకాల మనుషుల్ని చేర్చుకున్నంత మాత్రాన అందరి మాటా చెల్లదు. నవజాత శిశువుల ఐసీయూల మీద 2006లో వచ్చిన అధ్యయనంలో, డాక్టర్లతో పోలిస్తే నర్సులు మాట్లాడటానికి ఎక్కువ జంకుతున్నట్టు తేలింది. పైవాళ్లు పిలిచి మరీ అభిప్రాయం అడిగే చోట మాత్రం ఆ తేడా తగ్గింది. అంటే తాళంచెవి మీ మేనేజర్ దగ్గరుంది.

కొత్త చోట హెచ్ఆర్‌ను అడిగి లాభం లేదు, వాళ్లు చెప్పేది అందరికీ చెప్పేదే. కాబోయే మేనేజర్‌నే అడగండి: "ఈమధ్య ఒక జూనియర్ చెప్పినందువల్ల మీ టీమ్ మార్చుకున్న నిర్ణయం ఏదైనా ఉందా?" నిజంగా జరిగి ఉంటే ఎవరు చెప్పారో, ఏం మారిందో వివరాలతో చెబుతారు. "ఎప్పుడైనా నా దగ్గరకు రావచ్చు" అని సరిపెడితే అనుమానించండి. వీలైతే ఆ టీమ్‌లోని జూనియర్‌తో విడిగా పది నిమిషాలు మాట్లాడండి.

ఈలోగా ఉన్నచోట ఒక ప్రయత్నం చేయండి. ఈసారి లోపం కనిపిస్తే మీటింగ్ దాకా ఆగకండి. "ఈ ఇన్‌పుట్ ఇస్తే ఫలానా స్క్రీన్ ఆగిపోతోంది, ఒకసారి చూస్తారా" అని స్క్రీన్‌షాట్‌తో ముందే మెసేజ్ పెట్టండి. రెండో అమ్మాయికీ చెప్పి ఉంచండి. మీటింగ్‌లో మీ మాట దాటేసి పోతుంటే ఆవిడ "ఇందాక ఆమె అడిగింది తేలలేదు" అనగలిగితే చాలు, ఆమెకు మీరూ అలాగే నిలబడండి. ఆడవాళ్లంటూ చులకనగా మాట్లాడటం, వేధించడం ఉంటే అది వేరే సంగతి, తేదీలతో రాసిపెట్టుకుని ఫిర్యాదు చేయాల్సిందే.

మీ మెసేజ్‌కి మేనేజర్ "ఇంకేమైనా గమనించావా?" అంటే ఇంకొన్నాళ్లు ఉండొచ్చు. "ముందు నీ పని చూసుకో" అంటే, కొత్త మేనేజర్ జవాబు నచ్చితే, ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే రాజీనామా ఇవ్వండి.