సరస్సు మీదికి వెళ్లే ముందు

చిరంజీవి కార్తీక్‌కు, మామయ్య ఆశీస్సులు.

వచ్చే శనివారం మీరంతా లూయిస్‌విల్ సరస్సులో పడవ అద్దెకు తీసుకుని చేపలు కూడా పడతారని అక్క చెప్పింది. సంతోషం. పాతికేళ్లుగా డాలస్‌లో ఉంటున్నాను కాబట్టి కొన్ని మాటలు రాస్తున్నాను.

నీళ్ల మీద గేమ్ వార్డెన్, అంటే వేట, చేపల చట్టాలు అమలు చేసే అధికారి, ఎదురైతే కంగారుపడకు. ఆయన అడవికీ చేపలకూ మాత్రమే కాపలా కాదు. టెక్సాస్‌లో పోలీసులకు ఉన్న అధికారాలు ఆయనకూ ఉన్నాయి, తనిఖీకి పడవ ఆపించి ఎక్కవచ్చు. 2017లో హార్వీ తుపానుకు హ్యూస్టన్ మునిగినప్పుడు పడవల్లో జనాన్ని ఒడ్డుకు చేర్చినవారిలో వార్డెన్లూ ఉన్నారు.

గాలం పట్టే ప్రతివారికీ, 17 ఏళ్లు నిండితే, లైసెన్సు ఉండాలి. ఎప్పుడు కొన్నా చాలా లైసెన్సులు ఆగస్టు 31తో ముగుస్తాయి, తేదీ చూసుకో. లార్జ్‌మౌత్ బాస్ అనే చేప సాధారణంగా 14 అంగుళాలకు తగ్గితే తిరిగి నీటిలో వదిలేయాలి. నోరు మూసి, తోక రెక్కలు దగ్గరకు నొక్కి కొలవాలి. కొన్ని సరస్సులకు వేరే కొలతలు ఉంటాయి, ముందే చూసుకో. గుడ్లు పెట్టే వయసు రానివ్వకుండా పిల్ల చేపలను పట్టేస్తే రేపు సరస్సులో ఏం మిగులుతుంది?

నువ్వు 1993 సెప్టెంబరు 1 తరువాత పుట్టినవాడివి. మోటారు 15 హార్స్‌పవర్ దాటితే, నడపడానికి బోటింగ్ శిక్షణ సర్టిఫికెట్ ఉండాలి. చుక్కాని దగ్గర కూర్చునేవాడు బీరు ముట్టుకోకూడదు. రక్తంలో ఆల్కహాల్‌కు కారు నడిపేవారికి ఉన్న 0.08 శాతం పరిమితే పడవకూ ఉంది.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమైనది లైఫ్ జాకెట్. నేను వచ్చిన కొత్తలో ఒక వార్డెన్ మా పడవ ఆపి జాకెట్లు చూపమన్నారు. సీటు కింద నుంచి తీశాం, ప్లాస్టిక్ సంచులైనా విప్పలేదు. ఆయన కోప్పడలేదు. ఒక్కొక్కరి చేత తొడిగించి, పట్టీలు లాగి చూసి, మా అబ్బాయికి అది వదులుగా ఉందని, భుజాల దగ్గర పట్టుకుని పైకెత్తితే తల మీదుగా జారిపోతుందని చూపించారు. ఆ రోజు నా గుండె ఆగినంత పనైంది. 13 ఏళ్ల లోపు పిల్లలు కదిలే చిన్న పడవలో జాకెట్ తొడుక్కునే ఉండాలని చట్టం. పెద్దలకు పడవలో ఉంటే చాలంటుంది. నువ్వు మాత్రం అక్కడ ఆగకు, తొడుక్కో. ఈత వచ్చినవారు కూడా మునిగిపోతున్నారు. మన పిల్లల వార్తలు ఎన్ని చదివానో.

పాప బరువు ఎంతో ఈ రాత్రికే రాయి. చిన్నపిల్లల జాకెట్లు బరువును బట్టే వస్తాయి, సరిపడేది శుక్రవారం తెచ్చి ఇస్తాను.

మీ మామయ్య