పక్షవాతం తగ్గాక కడపలో మళ్లీ కారు నడపాలి, డ్రైవింగ్ పరీక్షకు ఎలా సిద్ధం కావాలి?

ముందు న్యూరాలజిస్టు చేత నడపొచ్చని రాయించుకోండి. లైసెన్సు దరఖాస్తుతో ఇచ్చే ఆరోగ్య ప్రకటన, అంటే ఫారం 1 ప్రకారం పగటి వెలుతురులో 25 మీటర్ల దూరంలోని నంబరు ప్లేటు చదవగలగాలి, అద్దాలు పెట్టుకోవచ్చు.

చాలామంది కాళ్లూ చేతుల బలమే చూసుకుంటారు. అసలు చిక్కు చూపులో ఒక పక్క పోవడం: ఎడమనుంచి వచ్చే ఆటో కనబడదు, కనబడలేదని మనకూ తెలీదు. పెరిమెట్రీ, అంటే చూపు పక్కలకు ఎంతవరకు అందుతోందో కొలిచే కంటి పరీక్ష చేయించండి. ఏడు రోడ్ల కూడలిలో పక్కసీట్లో కూర్చుని ఎడమనుంచి వచ్చే బండ్లను పైకి చెప్తూ పోండి. ఏవి వదిలేశారో నడిపేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

ఇంజన్ ఆపిన కారులో, కిందికి చూడకుండా కుడికాలిని యాక్సిలరేటర్ నుంచి బ్రేకు మీదికి మార్చడం సాధన చేయండి. బూటు పెడల్ అంచుకు తట్టుకుంటోందంటే ఇంకా సిద్ధం కానట్టే. ఎడమకాలు క్లచ్‌ను సగంలో నిలపలేకపోతే మొండికేయకుండా ఆటోమేటిక్‌కు మారండి. పరీక్ష స్లాట్ పొద్దున్నే తీసుకోండి, మన ఎండకు మధ్యాహ్నానికే కాలు బరువెక్కుతుంది.