అడ్వాన్సు చేతులు మారకముందే, బుజ్జమ్మా

చిరంజీవి బుజ్జమ్మకు పెదనాన్న ఆశీస్సులు.

పొదలకూరు రోడ్డు వైపు ఇల్లు చూశారని, 90 లక్షలకు మాట దగ్గరపడిందని, వచ్చే శుక్రవారం 10 లక్షలు అడ్వాన్సు ఇస్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సొంత సంపాదనతో నెల్లూరులో ఇల్లు కొనే ఆడపిల్ల మనింట్లో నువ్వే మొదలు. ఆ సంతోషం ఒక పక్కన ఉంది. శుక్రవారం అనే మాట విన్నాక గుబులు ఇంకో పక్కన పట్టుకుంది. ఇల్లు మంచిదే కావచ్చు, అమ్మేవాళ్లు పెద్దమనుషులే కావచ్చు. ఇంటి విలువ కట్టడానికి బ్యాంకు పంపే వాల్యుయర్ ఆ ఇంట్లో టేపు పట్టకముందు మాత్రం 10 లక్షలు ఇయ్యబాక.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తా. ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే ఈసీ 30 ఏళ్లకు తీయించు. లింకు డాక్యుమెంట్లు, అంటే ఇంతకుముందు చేతులు మారిన దస్తావేజులు, జిరాక్సులు కాదు, అసలువి చూడు. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చెయ్యకూడని 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో వెతుకు. చుక్కల భూమి (పాత రికార్డులో యజమాని పేరు చోట చుక్కలున్నది), ఇనాం (ఒకప్పుడు దానంగా ఇచ్చినది), చెరువు పోరంబోకు (సర్కారుది) మన వైపు ఎక్కడ తగులుతాయో చెప్పలేం. ఇంటి పన్ను, కరెంటు బిల్లు బాకీ లేవని రసీదులు అడుగు. ధర 50 లక్షలకు తక్కువ కాదు కాబట్టి అమ్మేవాళ్లకిచ్చే దాంట్లోంచి 1 శాతం పన్ను (టీడీఎస్) మీరే పట్టుకుని సర్కారుకు కట్టాలి.

ఇక అసలు సంగతి. ఒకే ఇంటికి మూడు ధరలుంటాయి. అమ్మేవాడు నోటితో చెప్పేది ఒకటి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు పుస్తకంలో ఉండేది రెండోది. దాన్ని మార్కెట్ విలువ అంటారు గానీ మార్కెట్టుకూ దానికీ చుట్టరికం తక్కువ. మూడోది బ్యాంకు వాల్యుయర్ వేసేది. ఈ మూడూ కలిసిన ఇల్లు అరుదు. మన ఊళ్లో తరతరాలుగా నడుస్తున్న తప్పు ఏందంటే, మొదటి ధర మీద లోను లెక్క వేసుకుని, మూడో ధర తెలియకముందే అడ్వాన్సు ఇచ్చేయడం. అది ఎట్టా ముంచుతుందో నీ ఇంటి మీదే లెక్క వేసి చూపిస్తా.

90 లక్షల ఇల్లు, బ్యాంకు 80 శాతం ఇస్తుంది, 72 లక్షలు లోను, 18 లక్షలు మన చేతివి. అల్లుడు ఇట్టానే లెక్క చెప్పాడంట గదా! బ్యాంకు 90 లక్షలను చూడదు బుజ్జమ్మా. అగ్రిమెంటు ధర, వాల్యుయర్ విలువ, ఈ రెండిట్లో ఏది తక్కువో దాన్నే పట్టుకుంటుంది. వాల్యుయర్ స్థలాన్ని, కట్టడాన్ని విడదీస్తాడు. స్థలం 30 అంకణాలు, అంటే 240 గజాలు. ఆ వీధిలో ఈమధ్య జరిగిన అమ్మకాలను బట్టి అంకణం లక్షా 60 వేలు వేశాడనుకో, స్థలం 48 లక్షలు. కట్టడం 1,600 చదరపు అడుగులు. ఇవాళ అట్టాంటి ఇల్లు కట్టాలంటే అడుగుకు 1,900 అనుకుంటే 30 లక్షల 40 వేలు. ఇంటికి 20 ఏళ్లు నిండాయి. శ్లాబు ఇంటి ఆయుష్షు 60 ఏళ్లుగా తీసుకుని, చివర్లో మిగిలే విలువ కింద 10 శాతం పక్కన పెడతారు. మిగిలిన 90 శాతాన్ని 60 ఏళ్లకు పంచితే ఏడాదికి ఒకటిన్నర శాతం తరుగు. 20 ఏళ్లకు 30 శాతం, అంటే 9 లక్షల 12 వేలు పోయాయి. కట్టడానికి మిగిలింది 21 లక్షల 28 వేలు. స్థలంతో కలిపి 69 లక్షల 28 వేలు.

రిజర్వు బ్యాంకు పెట్టిన పైహద్దు చూడు: 30 లక్షల దాకా లోనుకు విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల దాకా 80 శాతం, ఆపైన 75 శాతం. నీకు 80 శాతం కింద వచ్చేది 55 లక్షల 42 వేలు. మీరు అనుకున్న 72 ఎక్కడ, ఇదెక్కడ? తేడా పదహారున్నర లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలపరు, అది పూర్తిగా మీ జేబుదే. స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం. 90 లక్షల మీద 6 లక్షల 75 వేలు. 18 లక్షలు చాలనుకున్న చోట 41 లక్షల పైన తేవాలి.

ఈ లోపల అగ్రిమెంటులో మూడు నెలల గడువు రాసి ఉంటుంది. గడువు దాటితే అడ్వాన్సు పోయినట్టేనని ఒక ముక్క కూడా ఉంటుంది, బ్రోకరు దాన్ని చదివి వినిపించడు. 10 లక్షలు పోతాయన్న భయంతో జనం చేసే పని బయట వడ్డీకి చేతి బదులు తేవడం. నా భయమంతా దాని మీదే. 16 లక్షలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 32 వేలు, అసలు పైసా తగ్గదు. బ్యాంకు కిస్తీ 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు లక్షకు 868 రూపాయల లెక్కన 55 లక్షలకు 47,700 పైచిలుకు. రెండూ కలిపితే నెలకు 80 వేలు. మీ ఇద్దరి జీతాలు నాకు తెలుసు. పిల్లాడి ఫీజు కూడా తెలుసు. ఇల్లు పోయినా పర్లేదు, ఇంకోటి దొరుకుతుంది. నువ్వు నెలనెలా ఒకటో తారీకుకు వణకడం నేను చూడలేను తల్లీ.

కాబట్టి వరస మార్చు. ముందు బ్యాంకులో అర్జీ పెట్టి, జీతాన్ని బట్టి ఎంత లోను వస్తుందో రాయించుకో. తర్వాత ఆ బ్యాంకు ప్యానెల్లో ఉన్న వాల్యుయర్‌తోనే ఇల్లు చూపించు. ఫీజు కొన్ని వేలవుతుంది, 10 లక్షల ముందు అదెంత! అమ్మేవాళ్లు తొందరపెడితే టోకెన్ కింద 50 వేలో లక్షో బ్యాంకు ద్వారా ఇచ్చి రసీదు తీసుకో. అగ్రిమెంటులో ఈ మాట ఉండి తీరాలి: టైటిలు వల్ల గానీ విలువ తగ్గడం వల్ల గానీ బ్యాంకు ఇంత మొత్తం లోను ఇవ్వకపోతే, కొనేవారి అడ్వాన్సు 15 రోజుల్లో పూర్తిగా వాపసు ఇవ్వాలి. దీనికి ఒప్పుకోని మనిషి ఇల్లు మనకొద్దు.

వాల్యుయర్ వచ్చినప్పుడు నువ్వు అక్కడే ఉండు. దస్తావేజులోని నాలుగు హద్దులు నేల మీద సరిపోయాయా అని చూస్తాడు. కాగితంలో 20 అడుగుల రోడ్డు ఉండి నేల మీద 12 ఉంటే విలువ అక్కడే పడిపోతుంది. ప్లానులో లేని పై అంతస్తును లెక్కలోకి తీసుకోడు, నువ్వు మాత్రం దానికి డబ్బు కట్టి ఉంటావు. లేఅవుటుకు ఎల్పీ నంబరు (అనుమతి నంబరు) ఉందా, ప్లాను మునిసిపాలిటీ ఇచ్చిందా, నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) ఇచ్చిందా, పంచాయతీ తీర్మానంతో సరిపెట్టారా అని అడుగుతాడు. రంగులు, ఫాల్స్ సీలింగు, మాడ్యులర్ కిచెన్ చూసి మీరు మురిసిపోయి ఉంటారు. ఆయన వాటికి పెద్దగా ఏమీ వెయ్యడు. తూర్పు ముఖానికి కూడా ఆయన ఫారంలో మార్కుల్లేవు. కానీ నెల్లూరులో తూర్పు ముఖం ఇల్లు తొందరగా అమ్ముడుపోతుంది, దక్షిణం ముఖం నెలల తరబడి బోర్డుతో ఉంటుంది. బేరంలో ఆ సంగతి గుర్తుపెట్టుకో.

అంకణం దగ్గర ఒక తిరకాసు ఉంది. మన అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. సెంటుకు 6.05 అంకణాలు, ఎకరాకు 605. తిరుపతి వైపు అంకణమంటే 36 అడుగులే. ఆ వైపు నుంచి వచ్చిన వాల్యుయర్ ఆ లెక్కలో విలువ కట్టాడా, స్థలం సగమైపోతుంది. రిపోర్టులో అంకణాలే కాదు, గజాలు కూడా రాశారో లేదో చూడు. 30 అంకణాలంటే 240 గజాలు ఉండాలి.

విలువ తక్కువ వస్తే గొడవ పడబాక, వాల్యుయర్‌ను బతిమాలబాక. రిపోర్టు అడిగి చదువు. కొలతలు తప్పా, ఇంటి వయసు తప్పా, పోల్చిన అమ్మకాలు వేరే వీధివా? అదే వీధిలో ఆరు నెలల్లోపు రిజిస్టరైన దస్తావేజులు రెండు మూడు చూపించి మళ్లీ చూడమని బ్యాంకును రాతపూర్వకంగా అడగొచ్చు. తప్పేమీ లేకపోతే ఆ కాగితమే నీ బేరానికి బలం. దాన్ని అమ్మేవాళ్ల ముందు పెట్టి ధర తగ్గించమను. ఎక్కువ విలువ వేయించే మనుషులు ఉంటారు, అల్లుడికి ఎవరో ఒకరు ఆ మాట చెవిలో వేస్తారు కూడా. వినొద్దని చెప్పు. లేని విలువ మీద తెచ్చిన అప్పు ఉన్న జీతంలోంచే తీర్చాలి.

కొంత బ్లాకు, కొంత వైటు అంటారు చూడు, దానికి తలొగ్గబాక. 60 లక్షలకు దస్తావేజు రాసి 30 చేతికిస్తే బ్యాంకు 60నే పట్టుకుంటుంది, లోను 48 లక్షలకు దిగుతుంది. స్థిరాస్తికి అడ్వాన్సుగా 20 వేలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకుంటే తీసుకున్నవాడికి అంత మొత్తమూ జరిమానా పడొచ్చు, ఆ మాట వాళ్ల చెవిన వెయ్యి. రేపు నువ్వు అమ్మేటప్పుడు ఆ 30 లక్షలూ నీ లాభంలా కనిపిస్తాయి, పన్నెండున్నర శాతం పన్ను నువ్వు కట్టాలి. ఇంకొకటి, దస్తావేజు ధర సబ్ రిజిస్ట్రారు పుస్తకం విలువ కన్నా మరీ కిందికి పోతే, తేడా 10 శాతం దాటిన చోట అది కొన్నవాళ్ల ఆదాయమని పన్ను శాఖ అంటుంది. పుస్తకం విలువలు 2025 ఫిబ్రవరి 1 నుంచి మారాయి, పాత ఈసీ చూసి అంచనా వెయ్యబాక.

మార్కెట్టు సంగతి. మన నెల్లూరు స్థలాల ధరలు రొయ్యను పట్టుకుని ఊగుతాయి. ముత్తుకూరు, ఇందుకూరుపేట చెరువుల్లో డబ్బు తిరిగితే ఊళ్లో అంకణం లేస్తుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య రైతులు ఎంత కంగారుపడ్డారో నీకూ తెలుసు. ఒంగోలు, కందుకూరు వైపు పొగాకు వేలం ధరలది అదే పని. ధర పడబోయే ముందు అమ్మకాలు పడతాయి. అమ్మేవాడు రేటు తగ్గించడు, ఊరికే ఆగుతాడు. అందుకే ఎంత చెబుతున్నారు అని కాదు, ఆ వీధిలో ఈ ఏడాది ఎన్ని చేతులు మారాయి అని అడగాలి. వాల్యుయర్ చూసేది కూడా జరిగిపోయిన అమ్మకాలే. మార్కెట్టు పడేటప్పుడు ఆయన అంకె నిజం కన్నా కాస్త పైనే ఉంటుంది. ఆయన అంత వేశాడు కదా అని ధైర్యపడిపోబాక.

కృష్ణపట్నం పోర్టు, దాని వెనకే కరెంటు ప్లాంట్లు వచ్చిన రోజుల్లో ముత్తుకూరు రోడ్డు పొడుగునా టీ కొట్లో కూడా అంకణాల బేరమే. ఇప్పుడు అదే మాట రామాయపట్నం పేరుతో వినిపిస్తోంది. పోర్టు నిజమే, పని నిజమే. అయితే రేపటి ధరను ఇవాళే కట్టమంటారు, బ్యాంకు మాత్రం ఇవాళ్టి ధరకే లోను ఇస్తుంది. ఆ తేడా మళ్లీ నీ జేబులోంచే. అద్దె లెక్క కూడా ఒకసారి వేసుకో. ఆ ఇంటికి నెలకు 15 వేలు వస్తుందనుకుంటే ఏడాదికి లక్షా 80 వేలు, 90 లక్షల మీద రెండు శాతం. మీరు ఉండటానికైతే సరే, పెట్టుబడి అనే మాట ఎత్తొద్దు.

వడ్డీ ఇట్టానే ఉంటుందనుకోవద్దు. 2022 మే మొదట్లో 4 శాతం ఉన్న రెపో, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ, 2023 ఫిబ్రవరికి ఆరున్నరకు పోయింది, 2025లో మళ్లీ దిగింది. మీ వడ్డీ 10.5 అయితే అదే 55 లక్షలకు కిస్తీ 54,900 దాకా పోతుంది. ఆ కిస్తీ కట్టగలరా అని చూసుకుని అప్పుడు దిగండి. ఫ్లోటింగ్ వడ్డీ, అంటే రేటు మారుతూ ఉండే లోనును ముందే తీర్చినా బ్యాంకు జరిమానా వెయ్యకూడదు, కాబట్టి బోనసు వచ్చినప్పుడల్లా అసలులో కట్టు.

ఇల్లు ఇంకోసారి చూడు, ఈసారి వాన పడిన మర్నాడు. శ్లాబు కింద పెచ్చులు ఊడిన చోట కొత్త సున్నం ఉందా, కమ్మీల వెంట తుప్పు గీత కనిపిస్తోందా, కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్లు పోతున్నాయా చూడు. రేగడి నేల మీద పునాది లోతు చాలకపోతే గోడల్లో మెట్లు మెట్లుగా పగులుతుంది, రంగు వేసి ఎన్నాళ్లు దాస్తారు? నీళ్ల సంగతి పక్కింటి ముసలమ్మను అడుగు, బ్రోకరును కాదు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు ఆ వీధిలోకి నీళ్లు వచ్చాయా, వస్తే ఎంత ఎత్తు? గోడ మీద గీత చూపిస్తారు.

శుక్రవారం లోపల మూడు కాగితాలు పంపు: అమ్మేవాళ్ల దస్తావేజు, మంజూరైన ప్లాను, ఇంటి పన్ను మొదటి రసీదు. ఫొటోలు మసకగా తియ్యబాక, హద్దుల పేజీ స్పష్టంగా ఉండాలి. అల్లుడితో నేను కూడా మాట్లాడతా, నువ్వు మధ్యలో ఇబ్బంది పడొద్దు. వాల్యుయర్ ఫీజుకు డబ్బు చూసుకునే పని నాది, మొహమాటపడబాక.

మీ పెదనాన్న