పాఠకుల ప్రశ్నలు: ఛందస్సు కుదరని ఉద్యమగీతం

ప్రశ్న: బ్రిటన్ మహిళల ఓటుహక్కు ఉద్యమగీతం ‘ది మార్చ్ ఆఫ్ ది విమెన్’ (1911) విశ్లేషిస్తున్నాను. గురులఘువులు వేస్తే ఏ గణమూ కుదరడం లేదు. ఏం చేయాలి?

జవాబు: కుదరదు. ఇంగ్లీషు పద్యం నడిచేది మాత్రల మీద కాదు, ఊనిక మీద. గట్టిగా చదువుతూ, ఒత్తి పలికిన అక్షరం దగ్గరల్లా చప్పట్లు కొట్టండి. ‘షౌట్, షౌట్, అప్ విత్ యువర్ సాంగ్’లో 6 అక్షరాలు, ‘క్రై విత్ ద విండ్, ఫర్ ద డాన్ ఈజ్ బ్రేకింగ్’లో 10. అయినా రెండింటిలోనూ ఊనికలు నాలుగే! మొదటి పాదంలో ‘షౌట్’ తర్వాత వచ్చే విరామమే ఆ లోటు పూడుస్తుంది. కవాతు అడుగు పడేది అక్కడే. దాన్ని మింగేస్తే పాట చచ్చిపోతుంది.

అంత్యప్రాసలు ఒకటి విడిచి ఒకటి: సాంగ్–అలాంగ్, బ్రేకింగ్–వేకింగ్. ‘స్టోరీ–గ్లోరీ’ ఒకే పాదంలోని లోపలి ప్రాస. ‘వర్డ్–లార్డ్’ (word–Lord) మాత్రం స్పెల్లింగు చూసే కంటికే ప్రాస, చెవికి కాదు. దాన్ని పూర్తి ప్రాసగా రాయకండి.

ఆవృత్తిని జాగ్రత్తగా చూడండి. షౌట్, మార్చ్ రెండేసిసార్లు వస్తాయి. మూడో చరణంలో ‘స్కార్న్డ్, స్పర్న్డ్’ (ఛీకొట్టారు, తోసిపుచ్చారు) అని రెండు వేర్వేరు మాటలు. అవమానాలు ఒకటి కాదన్నట్టు ఆవృత్తి అక్కడ విరిగింది. మీ వ్యాసానికి అసలు పట్టు అదే.